కుండకు కుమ్మరి ఉన్నాడు, మరి పుట్టకు?

తెలుగు వార్తా చానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

సంపాదక మహాశయులకు,



మొన్న నాగులచవితి నాడు రాత్రి మీలో ఒకరి చానల్లో గంటసేపు చర్చ చూశాను. ఏ చానలో రాయను. రాయకపోతే మీలో ప్రతి ఒక్కరికీ అది పక్క చానలే అనుకునే వీలుంటుంది. తెర అడుగున ఎర్ర పట్టీ మీద ‘పుట్టలో పాలు: భక్తా? మూఢత్వమా?’ అని పరుగెడుతోంది. ఒక కిటికీలో కాషాయం కట్టుకున్న స్వామీజీ, ఇంకో కిటికీలో హేతువాద సంఘం పెద్దాయన, మధ్యలో యాంకర్. పది నిమిషాలకే పుట్ట సంగతి గాలికి పోయింది. పాముకు పాలు అరుగుతాయా అన్న దగ్గర మొదలై, దేవుడున్నాడా అన్న దాకా పోయి, అక్కణ్ణించి ఒకరి పార్టీని ఒకరు, ఒకరి విరాళాలను ఒకరు తవ్వుకోవడంలో పడ్డారు. చివరికి యాంకర్ గారు గడియారం చూసుకుని, బ్రేక్‌కు ముప్పై సెకన్లే ఉంది, దేవుణ్ణి నమ్మడం తార్కికమా కాదా ఒక్క ముక్కలో చెప్పండి అన్నారు. ఇద్దరూ ఒక్క ముక్కలోనే చెప్పారు. ఆ ముక్కలు కాగితం మీద పెట్టదగినవి కావు.

నేను జూనియర్ కాలేజీలో లాజిక్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంటర్మీడియట్‌లో అలాంటి సబ్జెక్టు ఒకటి ఉందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మా క్లాసులో బెంచీలకన్నా పిల్లలు తక్కువ. అయినా ఆ కొద్దిమంది దగ్గర నేర్చుకున్నది ఒకటుంది: దేవుడి మాటెత్తగానే మందమతి కూడా చురుకైపోతాడు. కాబట్టి మీరు ఈ ప్రశ్న ఎత్తుకున్నందుకు నాకు కోపం లేదు. వెయ్యేళ్లకు పైగా ఈ దేశంలో మహామహులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నను ముప్పై సెకన్లకు కుదించారే అన్నదే బాధ.

వాదించడానికి మన దగ్గర పద్ధతి లేక కాదు. న్యాయసూత్రాలు మాటల పోరును మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే అది వాదం. గెలవడమే గురిగా, మాటల్ని మెలితిప్పి అయినా సరే నెగ్గాలని చూస్తే జల్పం. తన పక్షమంటూ ఏదీ చెప్పకుండా ఎదుటివాడిది చెడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. మనం కోపమొచ్చినప్పుడు వాడే ‘వితండవాదం’ అన్న తిట్టు అక్కణ్ణించి వచ్చిందే. ఎక్కడెక్కడ మనిషి ఓడిపోయినట్టు లెక్కో కూడా 22 నిగ్రహస్థానాల పేరుతో జాబితా కట్టారు. మొదట అన్నమాట వదిలేసుకోవడం ఒకటి. అడిగిందొకటైతే ఇంకొకటి ఎత్తుకోవడం ఒకటి. అన్నదే మళ్లీ అనడం ఒకటి. అవతల పనుందని చర్చ మధ్యలో లేచిపోవడం కూడా ఒకటి, దాని పేరు విక్షేపం. ఆ రాత్రి కాగితం, పెన్ను పెట్టుకుని నేను లెక్కవేశాను. మొదటి బ్రేక్ లోపలే ఇద్దరూ నాలుగేసి సార్లు ఓడిపోయారు. యాంకర్ గారిది లెక్కపెట్టలేదు.

మీ చర్చల్లో అసలు చిక్కు, మూడు వేరువేరు ప్రశ్నల్ని ఒకే గిన్నెలో వేసి కలపడం. మొదటిది, ఫలానా వింత జరిగిందా అన్నది. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని చెంబులు పట్టుకుని పరుగెత్తింది. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చెంచాతో అందించి చూశారు. తలతన్యత వల్ల చెంచాలోంచి లేచిన పాలు విగ్రహం ఒంటి మీదుగా పల్చటి పొరలా కిందికి జారుతున్నాయని ఆ రంగే చూపెట్టింది. ఇలాంటి ప్రశ్నకు పరీక్ష ఉంది, జవాబుంది. రెండోది, ఈ లోకానికి కర్త ఒకడున్నాడా అన్నది. దానికి చెంచా పరీక్ష చాలదు, అనుమాన ప్రమాణంతో, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించే పద్ధతితో, కుస్తీ పట్టాలి. మూడోది, నమ్మిన మనిషి తెలివితక్కువవాడా అన్నది. ఇది దేవుడి గురించిన ప్రశ్నే కాదు, మనిషి గురించిన ప్రశ్న. పాలు తాగలేదు కాబట్టి దేవుడు లేడనడం ఎంత తప్పో, దేవుడు లేడని రుజువు కాలేదు కాబట్టి పాలు తాగాడనడం అంతే తప్పు. ఆ రాత్రి మీ అతిథులిద్దరూ ఈ రెండు తప్పులూ చెరొకటి పంచుకున్నారు.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. మీ స్టూడియోలో దాని ఊసే రాలేదు. అసలు రుచంతా దానిలోనే ఉంది.

కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహిస్తాం. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం చూశాం కాబట్టి. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, దేవుణ్ణీ ఈ దారినే పట్టుకోబోయారు. భూమి, మొలక వంటివాటికి చేసినవాడున్నాడు. ఎందుకంటే అవి కార్యాలు, అంటే ఒకప్పుడు లేక తర్వాత పుట్టినవి. పుట్టిన ప్రతిదానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు. ఈ వాదాన్ని మన అన్నంభట్టు కూడా 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యలో పెట్టాడు. తర్కం చదవబోయేవాళ్లు నేటికీ మొదట పట్టేది ఆ తెలుగువాడి పుస్తకమే. ఇందులో ‘ఎందుకంటే’ అన్న భాగాన్ని నైయాయికులు హేతువు అన్నారు. హేతువాది అన్న మాటలో ఉన్నది ఆ హేతువే. అంటే పదాన్ని బట్టి చూస్తే, దేవుణ్ణి నిరూపించబోయిన నైయాయికుడి కంటే పెద్ద హేతువాది లేడు.

దీన్ని ఎదుర్కొన్నవాళ్లు తక్కువవాళ్లా? ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఒక్క ఉదాహరణతో దెబ్బకొట్టాడు. కుండ మట్టితో చేసింది, దానికి కుమ్మరి ఉన్నాడు. పుట్టా మట్టిదే. మరి దానికీ కుమ్మరి ఉన్నాడంటారా? కుండను చూసి కుమ్మరిని ఊహించగలిగామంటే, అలాంటి వస్తువును అలాంటివాడు చేయడం ముందే చూసి ఉన్నాం గనక. పేరు ఒకటైనంత మాత్రాన, మట్టి ఒకటైనంత మాత్రాన ఆ ఊహ కొండలకూ సముద్రాలకూ పాకదు. నాగులచవితి నాడు పుట్ట మీద చర్చ పెట్టి, పుట్టనే ఆయుధంగా వాడిన ఆ మహానుభావుడి పేరు గంటసేపట్లో ఒక్కసారీ వినపడలేదు. అది తలుచుకుంటేనే నా ప్రాణం ఉసూరుమంది. ధర్మకీర్తికి దారివేసిన దిఙ్నాగుడు వేంగి దగ్గరి కొండ మీద కూర్చుని తర్కగ్రంథం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. అంటే ఈ వాదం వేర్లు మన ఏలూరు పక్కనే ఉన్నాయి.

ఇంకో అభ్యంతరం: మనం చూసిన కుమ్మరికి ఒళ్లుంది. చేతులు లేకుండా సారె తిప్పినవాణ్ణి ఎవరూ చూడలేదు. మరి లోకకర్తకూ శరీరముందా? ఉంటే ఆ శరీరాన్ని చేసిందెవరు? దీనికి నైయాయికుడు తడుముకోలేదు. కర్తకు కావలసినవి మూడే అన్నాడు: ముడిసరుకు గురించిన ప్రత్యక్షజ్ఞానం, చేయాలనే కోరిక, ప్రయత్నం. ఒళ్లు ఆ మూడింట్లో లేదు. ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం, కానీ జవాబంటే ఇలా ఉండాలి. ఎదుటివాడి బాణం ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడే డాలు పెట్టాడు.

మీకు కొరుకుడుపడని సంగతి ఒకటి చెబుతాను. వేదం తిరుగులేని ప్రమాణమని ప్రాణం పెట్టిన మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్తను ఒప్పుకోలేదు. సృష్టికి ముందు ఏ ప్రాణీ లేనప్పుడు ఎవరి మీద దయతో సృష్టించాడన్నాడు. దయే కారణమైతే ఇంత దుఃఖం ఎందుకు పెట్టాడన్నాడు. జీవుల కర్మను బట్టి అంటే, ఆ కర్మే చాలు గదా, మధ్యలో ఇంకొకరు ఎందుకన్నాడు. మన దర్శనాల లెక్కలో ఆస్తికుడంటే వేదాన్ని ప్రమాణంగా తీసుకునేవాడు. కాబట్టి కుమారిలుడు ఆస్తికుడే, సృష్టికర్త లేని ఆస్తికుడు. మీరు తెర మీద వేసే ‘ఆస్తికులు వర్సెస్ నాస్తికులు’ అన్న పట్టీలో ఆయన్ని ఏ కిటికీలో కూర్చోబెడతారు?

రామానుజాచార్యుల సంగతి ఇంకా విచిత్రం. భక్తికి పెద్దపీట వేసిన ఆచార్యుడు శ్రీభాష్యంలో, తర్కంతో దేవుణ్ణి నిరూపించలేమని నైయాయికుల వాదాన్ని ముక్కముక్కలు చేశాడు. కుండను ఒక్కడు చేయొచ్చు. రథాలూ మేడలూ ఎందరెందరో వేరువేరు కాలాల్లో చేస్తారు. మరి లోకమంతటినీ ఒకేసారి ఒక్కడే చేశాడని ఏ హేతువుతో చెబుతావు? ఆయన లెక్కలో దేవుణ్ణి చూపేది శాస్త్రం ఒక్కటే, అనుమానం కాదు. ఆ తర్వాత ఆరు వందల ఏళ్లకు పైగా గడిచాక, 1779లో అచ్చయిన సంవాదాల పుస్తకంలో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇదే ప్రశ్న వేశాడు: ఓడను కట్టేది చాలామంది గదా, లోకాన్ని మాత్రం ఒక్కడే కట్టాడని ఎలా తెలుసు? ఒకరు పరమభక్తుడు, ఒకరు పరమసంశయవాది, ఇద్దరూ పట్టుకున్నది ఒకే చిల్లు. రుజువు చెల్లదన్నవాడు నాస్తికుడే అయి ఉండాలన్న నియమం లేదు. ఈ ఒక్క మాట మీ ప్రేక్షకులకు తెలిస్తే, సగం రాత్రుళ్లు మీ స్టూడియోల్లో గొంతులు చిరగవు.

మీ అతిథులు తరచూ వాడే గడియారం వాదం కుమ్మరి వాదానికి ఇంగ్లీషు తమ్ముడే. పేలీ అనే క్రైస్తవ మతగురువు 1802లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక, కన్నులాంటి అవయవం కూడా చేసినవాడు లేకుండా, తరతరాల ఎంపికతో ఏర్పడే తీరు తెలిసింది. పుట్టకు కుమ్మరి అక్కర్లేదన్న మాటకు అది మరో సాక్ష్యం. ‘ఉంటే మేలు, లేకపోతే పోయేదేముంది, ఒక దండం పెట్టేద్దాం’ అన్న ఇంటింటి మాటను కూడా పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి గణితవేత్త పందెంలా లెక్కగట్టాడు. దానికి జవాబు మన వీధిలోనే ఉంది. ఏ దేవుడికి దండం? ఒకరికి పెడితే ఇంకొకరికి కోపమొస్తే? పైగా లాభనష్టాలు చూసి పెట్టిన దండాన్ని ఏ దేవుడు మెచ్చుకుంటాడు?

ఇవన్నీ టీవీలో ఎలా కుదురుతాయంటారేమో. కుదిరిన దాఖలా ఉంది. 1948 జనవరిలో బీబీసీ రేడియోలో జెసూట్ ఫాదర్ కాపుల్‌స్టన్, తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ దేవుడి ఉనికి మీద వాదించుకున్నారు. మొట్టమొదట చేసిన పని, దేవుడన్న మాటకు అర్థం ఏమిటో ఇద్దరూ ఒప్పుకోవడం. ఆ తర్వాతే కత్తులు దూశారు. ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి, దేనిమీదా ఆధారపడనిది ఒకటి ఉండి తీరాలని ఫాదర్. ప్రతి మనిషికీ తల్లి ఉన్నంత మాత్రాన మానవజాతి మొత్తానికీ ఒక తల్లి ఉండాలా అని రసెల్. ఎవరూ ఎవరి పుట్టుకనూ తిట్టలేదు. ఇద్దరూ అంగీకారానికి రాలేదు కూడా. అయినా ఇన్నేళ్ల తర్వాత లోకం ఆ చర్చను తిరగేసి తిరగేసి చదువుకుంటోంది. మీ చర్చల్లో ఒక్కటైనా వచ్చే నాగులచవితి దాకా ఎవరికైనా గుర్తుంటుందా?

ఇంకా దగ్గరి దాఖలా కావాలంటే విజయవాడకు రండి. గోపరాజు రామచంద్రరావు, మనందరి గోరా, దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని విజయవాడకు మార్చాడు. ఆయన సేవాగ్రామ్ వెళ్లి, పొద్దున్నే లేస్తే రామనామం తలిచే గాంధీతో కూర్చుని వాదించాడు. ఇద్దరిలో ఎవరూ మతం మార్చుకోలేదు. కానీ ‘దేవుడే సత్యం’ అంటూ వచ్చి ఆ తర్వాత ‘సత్యమే దేవుడు’ అని మాట తిప్పుకున్న గాంధీకి గోరా పరాయివాడు కాలేదు. గోరా పెద్ద కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెట్టినప్పుడు, దాన్ని ఆశ్రమంలోనే జరిపిద్దామనీ, మంత్రంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టుకుందామనీ గాంధీ ఒప్పుకున్నాడు. 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగేనాటికి ఆయన లేడు, మాట మాత్రం నిలిచింది. వాదం అంటే నా దృష్టిలో అది. ఇద్దరూ ఎవరి పక్షాన వాళ్లు ఉండిపోయి కూడా, కలిసి ఒక పెళ్లి తలపెట్టగలిగారు.

ఇంత చెప్పి నా జవాబు దాచుకుంటే అది వితండ అవుతుంది. కాబట్టి నా పక్షం చెబుతున్నాను. దేవుణ్ణి నిరూపించే వాదాలు నాకు తెలిసినవేవీ నిలబడలేదు. లేడని రుజువు చేసే వాదం కూడా నాకు దొరకలేదు. కుమారిలుడు అడిగిన దుఃఖం ప్రశ్న మాత్రం ఈనాటికీ గొంతులో ముల్లులా ఉంది. రుజువు లేనిది నమ్మడం తార్కికమా అంటే, ఆ నమ్మకం ఏం చేయబోతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుందంటాను. నమ్మకం మనిషి గుండెలో ఉండి ఓదారుస్తుంటే దాన్ని నిలదీసే హక్కు నాకు లేదు. అదే నమ్మకం కిందికి దిగి ఈ తాయెత్తుతో కేన్సర్ తగ్గుతుందనో, ఈ కులంవాణ్ణి గుడి బయట నిలబెట్టాలనో అంటే, ఆ క్షణాన అది నా వాకిట్లోకి వచ్చినట్టు. హేతువు చూపించాలి, పరీక్షకు నిలబడాలి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఇష్టమొచ్చిన మతాన్ని అనుసరించే హక్కు దానికంటే ముందే ఉంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, తగవు పడకుండా ఉన్నాయి. సందేహమంటే భక్తికి శత్రువని కూడా అనుకోకండి. పోతన గజేంద్రుడు మొసలి పట్టులో ఉండగానే దేవుడి ఉనికిని అనుమానించాడు. ఆ పద్యం మన ఇళ్లల్లో పిల్లలకు నోటికి నేర్పుతాం.

మా అమ్మ ఏటా నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్లేది. చలిమిడి, చిమ్మిలి, చిన్న గ్లాసుడు పాలు. లాజిక్ ఎమ్మే పూర్తిచేసిన పొగరుతో ఒకసారి అడిగాను: “అమ్మా, ఈ పుట్ట ఎవరు కట్టారో తెలుసా?” నా మొహంకేసి చూసి, “చెదపురుగులు. తెలియకేం? మన దూలాన్ని తిన్నవి కూడా అవే” అంది. అని, పసుపు చల్లి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ధర్మకీర్తి వాదం ఆమెకు ముందే తెలుసు. పుట్టకు కుమ్మరి లేడనీ తెలుసు. ఆమె దండం ఏ అనుమాన ప్రమాణం చివరా తేలిన నిర్ణయం (నిగమనం) కాదు, దాన్ని తప్పుడు హేతువు (హేత్వాభాసం) అని కొట్టేయడానికి. ఆమె ఏ ప్రతిజ్ఞా చేయలేదు, ఎవరినీ ఒప్పించబోలేదు. పాము పాలు తాగుతుందా అంటే మాత్రం నేను తాగదనే చెప్పాను. తర్వాతి ఏడు నుంచి పుట్టలో పోసేది మూడు చుక్కలే, మిగతాది పక్కింటి పసివాడికి. మొదటి ప్రశ్న దగ్గర ఆమె నా మాట విన్నది. మూడో ప్రశ్న దగ్గర నేను నోరు మూసుకున్నాను. రెండో ప్రశ్న మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. మీ పట్టీ మీది ‘భక్తా? మూఢత్వమా?’ లో ఆమెను ఎటువైపు తోస్తారు?

ఇక నా విన్నపాలు. మూడే, ఖర్చులేనివి.

ఒకటి: చర్చ మొదలుపెట్టేముందు, మాట్లాడుతున్నది వింత గురించా, సృష్టికర్త గురించా, నమ్మే మనిషి గురించా అన్నది యాంకర్ ఒక్క వాక్యంలో చెప్పాలి. మధ్యలో ఎవరైనా గట్టు దాటితే వెనక్కి పిలవాలి.

రెండు: దేవుడన్న మాటకు ఈ గంటసేపు అర్థమేమిటో అతిథులిద్దరూ ముందు ఒప్పుకోవాలి. కుదరకపోతే ఆ గంటంతా దానికే పోనివ్వండి. అదీ మంచి కార్యక్రమమే.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం: పూర్వపక్షం. మన శాస్త్రకారులు ఎదుటివాడి మాటను వాడికంటే బలంగా చెప్పి, ఆ తర్వాతే ఖండించేవాళ్లు. మీ స్వామీజీ మొదటి ఐదు నిమిషాలు నాస్తికుడి వాదం చెప్పాలి. మీ హేతువాది తర్వాతి ఐదు నిమిషాలు ఆస్తికుడి వాదం చెప్పాలి. అవతలివాడు తలూపి, ‘అవును, నా మాట ఇదే’ అన్నాకే సొంతమాటకు అనుమతి. తలూపేదాకా మైకు ఇవ్వకండి. టీఆర్‌పీ పడిపోతుందని భయపడకండి. కాషాయం కట్టుకున్నాయన దేవుడు లేడని వాదిస్తుంటే ఏ తెలుగువాడు రిమోట్ పట్టుకుంటాడు?

ఇది జరిగే పని కాదనిపిస్తే ఉదయనాచార్యుణ్ణి తలుచుకోండి. పదో శతాబ్దపు మిథిలలో, దేవుడి ఉనికి కోసం ఐదు స్తబకాల (అధ్యాయాల) న్యాయకుసుమాంజలి రాశాడు. దేవుడి మీద చేసే తర్కచర్చ కూడా ఉపాసనే అని మొదట్లోనే చెప్పుకున్నాడు. మీమాంసకుడు, బౌద్ధుడు, చార్వాకుడు, అందరి వాదాలూ వాళ్ల నోటితోనే చెప్పించి ఖండించాడు. ఆయన చెప్పినవన్నీ నిలిచాయని నేననను. కానీ పుస్తకం చివర ప్రార్థనలో ఆయన తన ప్రత్యర్థుల కోసం వేడుకున్నాడు. నిన్ను కాదనడానికైనా సరే, వాళ్లు రాత్రింబవళ్లు నీ గురించే ఆలోచించారు, సమయం వచ్చినప్పుడు వాళ్లనూ దయచూడు స్వామీ అని.

వచ్చే నాగులచవితికి మీ స్టూడియోలో కుర్చీలు వేసేముందు ఆ ప్రార్థన గుర్తుచేసుకోండి. కిటికీలు రెండే వేయండి, ఎర్ర పట్టీ తీసేయండి. నేను పాలగ్లాసు పక్కన పెట్టుకుని, ఈసారి నిగ్రహస్థానాలు లెక్కపెట్టకుండా చూస్తాను.

ఇట్లు,
మీ ప్రేక్షకుడు,
ఒక రిటైర్డ్ లాజిక్ లెక్చరర్